అత్తతో శిక్షణకొచ్చిన మేడమ్

మేడమ్ పోయిందన్న కబురు నాకు ఆరాధన జరుగుతుండగా వచ్చింది. సంచిలో ఫోను వణికింది. ఆరాధనలో ఫోను చూసే అలవాటు నాకు లేదు. పాస్టరుగారు ఆశీర్వచనం చెప్పి, అందరం ఆమేన్ అని లేచి, చాపలు చుట్టడం మొదలుపెట్టాక తీసి చూశాను. మా టీచర్ల వాట్సాప్ గ్రూపులో ఆమె ఫోటో, కింద వరుసగా చేతులు జోడించిన బొమ్మలు. పులివెందులలో సొంత ఇంట్లోనే, నిద్రలో పోయిందట.

"ఎవురక్కా?" అని పక్కన చాప చుడుతున్న అమ్మాయి అడిగింది.

"శిక్షణలో పరిచయమైన ఒక మేడమ్," అన్నాను. ఒక్క మాటలో అంతకుమించి చెప్పడానికి ఏమీ దొరకలేదు.

ఆమె మా విశ్వాసం కాదు. ఆమె ఆత్మ సంగతి దేవునికి తెలుసు, నేను తీర్పు చెప్పేదాన్ని కాను. నాకు తెలిసింది ఆమెను ఈ లోకంలో చూసిన కొన్ని సార్లు మాత్రమే. అవి రాసిపెడతాను.

తలుచుకుంటే ఆమె ముఖం కన్నా ముందు నాకు చంకలో కుర్చీ కనిపిస్తుంది. మా వైపు టీచర్ల శిక్షణ ఎక్కడ జరిగినా, ఎవరూ చెప్పకుండానే మగవాళ్ళు ముందు వరుసల్లో కూచునేవాళ్ళు, ఆడవాళ్ళు వెనక తలుపు పక్కన కూచునేవాళ్ళు. సాయంత్రం బస్సుకు త్వరగా లేచి పోవచ్చని మేమే అక్కడ చేరేవాళ్ళం. ఆమె వెనకనుంచి ఒక ప్లాస్టిక్ కుర్చీ తీసుకొని, బిందెను ఎత్తుకున్నట్టు చంకలో పెట్టుకొని, హాలు మధ్యలోంచి నడిచి పోయి, ముందు వరుసకు కూడా ముందు వేసుకొని కూచునేది.

"మేడమ్, మీరు అడ్డమొస్తే మాకు బోర్డు కనపడదు," అని ఒకసారి వెనకనుంచి ఒక మాస్టరు అరిచాడు.

"అయితే నువ్వు గూడ కుర్చీ ఎత్తుకొని రాప్పా. ఈడ శానా జాగా ఉండాది."

సన్నటి మనిషి. గొంతు మాత్రం తోటలో ఈ గట్టునుంచి ఆ గట్టుకు పిలిచే గొంతు. పులివెందుల పక్క పల్లెలో చీనీ, అంటే బత్తాయి తోటలున్న రైతు ఇంటి కోడలు. హైస్కూల్లో లెక్కల టీచరు. బడి చాక్‌పీసులు రాస్తుంటే విరుగుతాయని తన చాక్‌పీసులు తానే తెచ్చుకునేది, వాటిని కళ్ళజోడు డబ్బాలో పెట్టుకునేది. కళ్ళజోడు ఎప్పుడూ ఎక్కడో మరిచిపోయి వచ్చేది. టీ సాసర్లో పోసుకొని ఊదుకుంటూ తాగేది. ఎవరైనా తనను మెచ్చుకుంటే, "సరే, తప్పేముందో గూడ చెప్పు," అనేది. చెప్పకపోతే విడిచేది కాదు.

నేను ఆమెను మొదట చూసింది ప్రొద్దుటూరులో, బస్టాండుకు దగ్గరగా ఉన్న ఒక పాత హైస్కూలు హాల్లో. అప్పటికి నేను జమ్మలమడుగు దగ్గర ఒక పల్లె బడిలో చేరి కొన్నేళ్ళయింది. శిక్షణ ఎక్కడ పెట్టినా ప్రార్థన గీతానికి నన్నే పిలిచేవాళ్ళు. సంఘంలో పెరిగిన ఆడపిల్లలకు పాట మాటలతోపాటే వస్తుంది. సండే స్కూలు, యవ్వనస్తుల కూటం, స్త్రీల ఉపవాస ప్రార్థన, అన్నింట్లోనూ పాడి పాడి నా గొంతుకు మైకు అవసరం లేకుండా పోయింది. పొద్దున లేచి ప్రార్థన గీతం పాడి, వెనక్కిపోయి కూచుంటే ఇక సాయంత్రం దాకా నాకు పని ఉండేది కాదు.

ఆ రోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆమె వచ్చి నా పక్కన ప్లేటు పెట్టుకుంది.

"పొద్దున పాడింది నువ్వే గదా పాపా? బాగా పాడినావు. చివరాఖరులో ఊపిరి సాలల్యా."

"అవును మేడమ్, జలుబు."

"పాడేకి లేస్తావు, పాఠం చెప్పేకి లేయవేంది?"

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. నా జవాబు కోసం నా వైపే చూస్తూ తినింది. మా సంఘంలో ప్రసంగ వేదిక పురుషులది. ఆ క్రమాన్ని నేను చిన్నప్పటినుంచి అంగీకరించాను, ఇప్పటికీ అంగీకరిస్తాను. కానీ శిక్షణ హాలు గుడి కాదన్న సంగతి ఆమె అలా చూసేదాకా నాకు తట్టలేదు. అదే ఆమెతో చెప్పాను.

"మీ గుడి సంగతి మీ పాస్టరు చూసుకుంటాడులే," అంది. "ఇది గవర్మెంటు బడి."

ఆమెకేం కావాలో ఆ భోజనాల దగ్గరే చెప్పింది. జిల్లాలో లెక్కల ఆర్పీ కావాలి. ఆర్పీ అంటే టీచర్లకు పాఠం నేర్పే టీచరు. ఆడవాళ్ళకు ఆ పిలుపు ఎప్పుడైనా వస్తే ఒకటో తరగతి పాటలకు, ఆటలకు, రంగుకాగితాల పనికి వచ్చేది. లెక్కలకు రాదు. "యాల రాదో నాకు తెలుసు పాపా," అని కారణం కూడా చెప్పింది.

కారణం ఇది. ఆర్పీలను తయారుచేసే పెద్ద శిక్షణ రెసిడెన్షియల్. టీచర్లు ఆ బడిలోనే ఉండి, అక్కడే తిని, అక్కడే పడుకోవాలి. ఆడవాళ్ళకు ఇబ్బందని మమ్మల్ని మాత్రం సాయంత్రం ఇళ్ళకు పంపేవాళ్ళు. పంపినవాళ్ళు చెడ్డ మనసుతో పంపలేదు, వెళ్ళిన మేమూ సంతోషంగానే వెళ్ళాం. కానీ అసలు శిక్షణ మేము బస్సెక్కాక మొదలయ్యేది. పగలంతా ఉపన్యాసాలు. సాయంత్రం టీ తాగాక బల్లలు పక్కకు జరిపి, ఒక్కొక్కరే లేచి పాఠం చెప్పి చూపేవాళ్ళు, మిగిలినవాళ్ళు తప్పులు పట్టేవాళ్ళు. దాన్ని డెమో అనేవాళ్ళం. బాగా చెప్పినవాళ్ళు ఆర్పీలయ్యేవాళ్ళు. ఆర్పీలంతా మగవాళ్ళే ఎందుకయ్యారంటే సాయంత్రం అక్కడ ఉన్నది వాళ్ళే కాబట్టి.

ఆ తర్వాతి వేసవిలో అదే హాల్లో లెక్కలకు పెద్ద శిక్షణ పెట్టారు. నేను రోజూ జమ్మలమడుగునుంచి బస్సులో పోయి వచ్చేదాన్ని. మొదటిరోజు పొద్దున్నే హాలు ముందు ఆటో ఆగింది. ముందు ఒక ముసలామె దిగింది, తర్వాత మడత మంచం దిగింది, తర్వాత గిన్నెల సంచి, చివర చంటిబిడ్డనెత్తుకొని మేడమ్.

శిక్షణకు డైరెక్టరుగా ఉన్నాయన రిటైరుమెంటుకు దగ్గరపడిన ఆ బడి హెడ్మాస్టరే. ఆడ టీచర్లందరినీ తల్లీ అని పిలిచే మెత్తటి మనిషి. ఆయన మెట్లమీదనుంచి చూసి నోరు తెరిచాడు.

"ఏంది తల్లీ ఇది? సంసారమంతా ఎత్తుకొచ్చినావే!"

"సంసారం తోటలో ఉండాది సార్. కరెంటు ఎప్పుడొస్తే అప్పుడు నీళ్ళు కట్టుకోవాల ఆయప్ప. ఈడికి అత్తను, బిడ్డను తెచ్చినా. నేను రాత్రిళ్ళు ఈడే ఉంటా."

"ఆడోళ్ళకు ఈడ వసతి ల్యా తల్లీ."

"మా అత్త ఉండాది. ఇంగేం వసతి కావాల?"

అత్త అప్పటికే వరండాలో స్తంభానికీ కిటికీ ఊచకూ చీర ఉయ్యాల కడుతోంది. డైరెక్టరుగారి వైపు తిరిగి, "నాకు గూడ కుర్చీ ఏస్తారా నాయనా, కిందనే కూచోవాల్నా?" అని అడిగింది. ఆయన తానే లోపలికిపోయి కుర్చీ తెచ్చి వేశాడు.

ఆ శిక్షణలో హాల్లో జరిగిన ఉపన్యాసాలు నాకొక్కటీ గుర్తులేదు. వరండాలో అత్త చెప్పినవి గుర్తున్నాయి. ఒక సారు పొద్దుననుంచి మధ్యాహ్నం దాకా శిశుకేంద్రిత విద్య గురించి చెప్పాడు. బయట పాప ఏడ్చింది. ఆయన చెప్పడం ఆపి, తలుపు మూయమన్నాడు. తలుపు దగ్గర కూచున్న నేను లేచేలోపల అత్త తల లోపలికి పెట్టింది.

"ఆయప్ప పొద్దుననుంచి శిశువు శిశువు అని అరుస్తాండాడు. ఈడ నిజం శిశువు ఏడిస్తే తలుపు మూయమంటాండాడే!"

హాలంతా నవ్వింది. ఆ సారు కూడా నవ్వాడు. మేడమ్ మాత్రం ముందు వరుసలోంచి వెనక్కి తిరిగి, "అత్తా, నువ్వు తల బయట పెట్టు. పాఠం జరుగుతాంది," అని కసిరి, మళ్ళీ రాసుకోవడంలో పడింది.

శిక్షణ మధ్యలో ఆదివారం వచ్చింది. సెలవు లేదన్నారు. నేను ఆదివారం ఆరాధన మానను. అడగడానికి జంకుతుంటే ఆమే డైరెక్టరుగారి దగ్గరికి పోయి, "ఈ పాప గుడికి పోయి వస్తాది సార్. ఆ ఒక్క క్లాసు నేను రాసిపెడతా," అని చెప్పేసింది. నేను వచ్చాక తను రాసింది నాకిచ్చి, "ఇంగ నువ్వు చెప్పు. మీ పాస్టరు ఏం చెప్పినాడు?" అని అడిగింది. బేరం లాంటిదే అది.

తప్పిపోయిన గొర్రె గురించి చెప్పారన్నాను. నూరు గొర్రెలున్న కాపరి, ఒకటి తప్పిపోతే తక్కిన తొంబైతొమ్మిదిని విడిచి దాన్ని వెదుక్కుంటూ పోవడం, దొరికాక భుజాలమీద ఎత్తుకొని రావడం. నాకు చిన్నప్పటినుంచి కన్నీళ్ళు తెప్పించే సంగతి అది. ఆమె శ్రద్ధగా వినింది.

"అంతా బాగుండాది. ఆ ఒకదానికోసం ఈయప్ప పోతే తొంబైతొమ్మిదిని ఎవురు కాసినారు?"

"వాటిని కూడా దేవుడే కాస్తాడు మేడమ్."

"ఎవురో ఒక అత్త ఉండే ఉంటాదిలే ఆడ," అంది వరండా వైపు చూసి.

నాకు నవ్వు వచ్చింది, కొంచెం నొప్పి కూడా కలిగింది. వాక్యాన్ని అలా మాట్లాడేవాళ్ళ దగ్గర నేను సాధారణంగా కూచోను. కానీ ఆమె ఎగతాళి చేయలేదు. నిజంగానే ఆ తొంబైతొమ్మిది గురించి అడిగింది. ఆ తర్వాత ఆ వాక్యం చదివిన ప్రతిసారీ నేను వాటికోసం కూడా ప్రార్థన చేస్తున్నాను.

సాయంత్రం డెమోలకు ఆమె వంతు ఇంకా రాలేదు. చివరికి పెట్టారు. భిన్నాలు చెప్తానని రోజూ మధ్యాహ్నం నా ముందు ఒక ముక్క చెప్పి చూసుకునేది. రేపు ఆమె డెమో అనగా పాపకు జ్వరం వచ్చింది. పొద్దున నేను బస్సు దిగి పోయేసరికి ఆమె బిడ్డను భుజాన వేసుకొని వరండాలో అటూ ఇటూ తిరుగుతోంది. డైరెక్టరుగారు ఎదురుగా నిలబడి ఉన్నాడు.

"పో తల్లీ, బిడ్డను చూసుకో. నీ సర్టిఫికెట్ సంగతి నాకొదిలిపెట్టు. నేను ఇప్పిస్తా."

"డెమో చెప్పకుండానా సార్?"

"చెప్పినట్టే రాసుకుంటాం. ఎవురడగొచ్చినారు?"

"చెప్పని పాఠానికి సర్టిఫికెట్ తీసుకొని నేనేం చేసుకోవాల సార్? నాకు ఆ పాఠం చెప్పేది కావాల."

"డెమోలు ఎల్లుండి దాకా ఆపేకి కాదు గదమ్మా. రూలు అది."

అత్త సంచి సర్దింది. ముగ్గురూ ఆటోలో పిల్లల ఆస్పత్రికి పోయారు. జ్వరం తగ్గేదాకా ఉంచాలని డాక్టరు అన్నాడట. డెమోలు ఆమె లేకుండానే అయిపోయాయి. ఆర్పీల పేర్లు నిర్ణయమైపోయాయి.

ముగింపు సభ రోజు మధ్యాహ్నం ఆమె వచ్చింది. పాపకు నయమై అత్త చంకలో బొటనవేలు చీకుతోంది. వేదికమీద జిల్లానుంచి వచ్చిన అధికారి, డైరెక్టరుగారు, ఇంకా ఇద్దరు ముగ్గురు పెద్దలు. ముగింపు సభల్లో కూడా మా వైపు ఒక పద్ధతి ఉంది. ప్రార్థన గీతం ఆడ టీచరు పాడాలి, చివర వందన సమర్పణ ఆడ టీచరు చేయాలి. మధ్యలో మాట్లాడేది మగవాళ్ళు. పాట నేను పాడాను. వందన సమర్పణ చేయాల్సిన టీచరు బస్సు టైమవుతోందని అంతకుముందే వెళ్ళిపోయింది. డైరెక్టరుగారు హాల్లో చూసి, మేడమ్‌ను పిలిచాడు. ఆమెకు ఏదో ఒకటి ఇవ్వాలన్న మంచి మనసే అది కూడా.

ఆమె వేదిక ఎక్కింది. మైకు పక్కకు జరిపింది. అధికారి భుజాలమీద అప్పుడే కప్పిన శాలువా ఉంది.

"సార్, ఆ శాలువా ఒకసారి ఇస్తారా?"

ఆయన అర్థంకాక తీసి ఇచ్చాడు. ఆమె దాన్ని చాచి చూపించింది. "ఇది ఒకటి," అంది. ఒక మడత వేసింది. "ఇప్పుడెంత?"

హాల్లో ఎవరో "సగం" అన్నారు. ఇంకో మడత వేసింది. "నాలుగో వంతు" అన్నాం. ఇంకో మడత వేసింది. "ఎనిమిదో వంతు." అప్పటికి ఆమె వందన సమర్పణ చేయడంలేదని అందరికీ తెలిసిపోయింది. డైరెక్టరుగారు చేత్తో ఏదో సైగ చేయబోయి మానుకున్నాడు.

"నాలుగో వంతు పెద్దదా, ఎనిమిదో వంతు పెద్దదా? మీరు చెప్పండి సార్," అని అధికారినే అడిగింది.

అధికారి సరదా మనిషి. చిన్నపిల్లవాడిలా లేచి చేతులు కట్టుకొని, "ఎనిమిదో వంతే పెద్దది టీచర్. నాలుక్కన్నా ఎనిమిది పెద్దది గదా," అన్నాడు.

ఆమె తప్పు అనలేదు. "అట్లనా? శానా మంచిది. అయితే ఎనిమిదో వంతు కప్పుకొని చూపించు నాయనా," అని మడత శాలువా ఆయన చేతిలో పెట్టింది.

ఆయన దాన్ని భుజంమీద పెట్టుకున్నాడు. అది చేతిరుమాలులా ఒక మూలన కూచుంది. హాలు గొల్లుమంది. "చలి పెడతాందా?" అని అడిగింది. "పెడతాంది టీచర్," అన్నాడు. "ఇప్పుడు నాలుగో వంతు కప్పుకో." ఆయన ఒక మడత విప్పుకున్నాడు. "ఇప్పుడు?" "కొంచెం నయం టీచర్." అట్లా మడత మీద మడత విప్పిస్తూ, చెప్పించేది చెప్పించి, చివరికి శాలువా పూర్తిగా కప్పి ఆయన్ను కూచోబెట్టింది. తర్వాత మైకు దగ్గరికి వచ్చి, "అందరికీ వందనాలు," అని ఒక్క మాట చెప్పి దిగిపోయింది.

చప్పట్లు కొట్టారు. అధికారి లేచి మెచ్చుకున్నాడు. ఆమెను ఆర్పీ చేయలేదు. డెమో డెమో రోజే చెప్పాలి, రూలు అది. రిజర్వులో ఆమె పేరు చేర్చారు. ఎవరైనా ఆర్పీ రాకపోతే పిలుస్తారని. అందరూ వచ్చారు. ఏడాదంతా ఆమెకు పిలుపు రాలేదు.

వచ్చింది వేరే. ఆ అధికారి ఆమెను మరిచిపోలేదు. చంటిబిడ్డతో, ముసలి అత్తతో ఒక టీచరు ఎంత కష్టపడిందో కళ్ళారా చూశాడు కదా. ఆయన మనసు కరిగింది. మరుసటి శిక్షణకు ముందు ఉత్తర్వు వచ్చింది. చిన్నపిల్లల తల్లులు రెసిడెన్షియల్ శిక్షణకు రానవసరం లేదు. వాళ్ళు ఇంటినుంచే ఫోనులో వీడియోలు చూసి శిక్షణ పూర్తిచేయవచ్చు.

గ్రూపులో ఆడ టీచర్లు దండాల బొమ్మలు పెట్టారు. నేనూ పెట్టాను. మా ఇంట్లో అప్పటికి చంటిది ఉంది. ఆ సాయంత్రమే మేడమ్ ఫోను చేసింది.

"సంతోషపడతాండావా పాపా?"

"అవును మేడమ్. మీరు పడిన కష్టానికి ఫలితం వచ్చింది."

"ఫలితమా? వీడియోలో నేను డెమో ఎవురికి చెప్పాల? పొయ్యికి చెప్పాల్నా?" అంది. "మినహాయింపు అంటే ఏందనుకుంటాండావు? తలుపు మూసి, మనల్ని బయట నీడలో కూచోబెట్టేది. నీడ చల్లగానే ఉంటాది. తలుపు తెరుచుకోదు."

నేను చంటిదాన్ని ఈ భుజంనుంచి ఆ భుజానికి మార్చుకున్నాను.

"నువ్వు నాతో రావాల. పాడేకి కాదు," అంది.

ఇద్దరం డైరెక్టరుగారి బడికి పోయాం. ఆయన ఉత్తర్వు తానే రాసినంత సంబరంగా మమ్మల్ని కూచోబెట్టాడు. ఆమె కూచోకుండానే చెప్పింది.

"మాకు మినహాయింపు వద్దు సార్. ఒక గది ఇయ్యండి. పిల్లోళ్ళను పండబెట్టుకుంటాం. రాత్రిళ్ళు ఉంటాం, డెమోలు చెప్తాం."

"గది యాడుంది తల్లీ? ఉండేదంతా నీకు తెలియనిదేమన్నానా. ఆటసామాన్ల గది తప్ప ఖాళీ ల్యా."

"అదే ఇయ్యండి. బంతులు వరండాలో పండుకుంటాయి."

"మగోళ్ళేమన్నా అనుకుంటే?"

"మగోళ్ళు యాడ పండుకుంటాండారో ఇన్నేండ్లు మేమేమన్నా అనుకున్నామా సార్?"

ఆయన చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నాడు. ఆయనకు ఆమె మీద కోపం లేదు. తన దయ ఆమెకెందుకు పనికిరాలేదో తెలియక ఆయన కొంచెం బాధపడ్డాడని నాకనిపించింది. చివరికి తాళంచెవి ఇప్పించాడు.

ఆ వేసవి శిబిరానికి ఆటసామాన్ల గది కడిగాం. చాపలు వేశాం, ఉయ్యాలలు కట్టాం. అత్త మళ్ళీ వచ్చింది. మనవరాలు నడిచేదైనా, గది చూసుకోవడానికి ఇంకెవరికీ చేతగాదని ఆమె నిర్ణయం. మొదట మేమిద్దరమే పిల్లలతో వచ్చాం. తర్వాత మైదుకూరు వైపునుంచి ఒకామె వచ్చింది. తర్వాత సంకోచంగా ఇంకా కొందరు. సాయంత్రం బస్సులు పోయినా మేము పోలేదు.

ఆ శిబిరం తర్వాత ఆమె లెక్కల ఆర్పీ అయింది. రాసుకుంటే ఆ తర్వాత చాలా ఉంది. నాకు మాత్రం ఆ శిబిరంలో ఆమె డెమో చెప్పిన సాయంత్రమే నిలిచిపోయింది.

ఆ రోజు టీ వేళకు చక్రాయపేట మండలంనుంచి వచ్చిన ఒక కుర్ర మాస్టరు ఆ గది ముందుకొచ్చి నిలబడ్డాడు. భుజంమీద మూడేళ్ళ ఆడపిల్ల. పెళ్ళాం కాన్పుకు ఆస్పత్రిలో చేరిందట, తోడు ఆమె తల్లి ఉందట. ఈ పిల్లను చూసేవాళ్ళు లేక, ఎవరో తెచ్చి ఇతని దగ్గర దించిపోయారు.

"మేడమ్, నేను ఇంటికి పోతాండా. డెమోలకు నా పేరు తీసేయమని మీరు సారుకు చెప్తారేమోనని..." అన్నాడు.

"పిల్లను ఈడ పండబెట్టి డెమోకు పోరాదా?"

"ఇది ఆడోళ్ళ గది గదా మేడమ్."

ఆమె పక్కకు తప్పుకొని గది చూపించింది. చాపలమీద పిల్లలు అడ్డదిడ్డంగా పడి నిద్రపోతున్నారు.

"ఎవురు ఆడోళ్ళో ఎవురు మగోళ్ళో నువ్వే చూసి చెప్పుప్పా."

అతను చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చాడు. పిల్లను అత్త పక్కన దించాడు. అది అతని మెడ వదల్లేదు. అత్త బెల్లం ముక్క చూపించి ఒక్కొక్క వేలే విడిపించుకుంది. అతను వెనక్కి చూస్తూ చూస్తూ హాల్లోకి పోయాడు.

డెమోలు మొదలయ్యాయి. మేడమ్ పేరు పిలిచారు. ఆమె లేచి తన చాక్‌పీసు తీసింది. అదే భిన్నాల పాఠం. బోర్డుమీద గీత గీసి, మొదటి ప్రశ్న అడిగేసరికి వరండా అవతలినుంచి ఒక పిల్ల ఏడుపు మొదలైంది. అలవాటుకొద్దీ హాల్లో తలలన్నీ మా ఆడవాళ్ళ వైపు తిరిగాయి. అది మా పిల్లల ఏడుపు కాదని గుర్తుపట్టి మేము కదలకుండా కూచున్నాం. ఎవరూ తలుపు మూయమనలేదు.

కుర్ర మాస్టరు లేచాడు. ముఖం ఎర్రబడింది. మేడమ్ వైపు చూసి, పోయి వస్తానని చేత్తో సైగ చేశాడు. ఆమె పాఠం ఆపకుండానే తల ఊపింది. అతను పోయి పిల్లను ఎత్తుకొని వచ్చి, లోపలికి రావాలో వద్దో తెలియక గడపలో నిలబడ్డాడు. పిల్ల అతని భుజంమీద వెక్కుతోంది. అతను వీపు నిమురుతూ, మెల్లగా ఒక కాలినుంచి ఇంకో కాలిమీదికి ఊగుతూ, బోర్డు చూస్తున్నాడు.

ఆమె తర్వాతి ప్రశ్న అతన్నే అడిగింది.